పాత స్కార్పియో కొన్నాను: ఆదివారాల్లో ఇంటి దగ్గర ఏ పనులు చేసుకోవచ్చు, ఏ మార్పులు చేయించవచ్చు?

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. 2015 నాటి డీజిల్ స్కార్పియోను ఇటీవల సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, సెలవు రోజుల్లో దాని పనులు వీలైనంతవరకు మీరే చేసుకోవాలనుకుంటున్నారు. పెద్ద టైర్లు, ముందు ఇనుప గార్డు, ఎక్కువ వెలుగునిచ్చే లైట్లు వేయించాలని ఉందన్నారు. బండి గుంతలో పడినప్పుడల్లా ముందు ఎడమవైపు టక్కుమనే శబ్దం వస్తోందని కూడా రాశారు. నేను విజయవాడలో ఉంటాను. స్కార్పియోనే తొమ్మిదేళ్లుగా నడుపుతున్నాను. అంతకుముందు మా నాన్నగారికి లారీ ఉండేది. నా చిన్ననాటి ఆదివారాల్లో చాలావరకు ఆ లారీ కింద పడుకుని, కమాన్ పట్టీల దగ్గర, జాయింట్ క్రాసుల దగ్గర గ్రీజు గన్ పట్టుకోవడంతోనే గడిచిపోయాయి. ఆ అనుభవంతో ముందే ఒక మాట చెబుతాను: మొదటి ఆరు నెలలు మార్పుల మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి. ఆ డబ్బుతో జాకీతో ఎత్తిన బండిని మోసే ఒక జత స్టాండ్లు, మంచి పానాల సెట్టు, నట్టును ఎంత బలంతో బిగిస్తున్నామో తెలిపే ఒక టార్క్ రెంచి కొనుక్కోండి.

స్టాండ్ల గురించి మొదటే ఎందుకు చెబుతున్నానంటే, నేను నేర్చుకున్న పాఠం అక్కడే ఉంది. బండి కొన్న మొదటి ఏడాది వెనుక బ్రేకులు చూద్దామని, మా గేటు ముందున్న కొద్దిపాటి వాలు మీదే బండిని నిలిపి, హ్యాండ్ బ్రేకు లాగి, గేరులో ఉంచి, వెనుక ఇరుసు మధ్యలో జాకీ పెట్టి ఎత్తాను. రెండు వెనుక చక్రాలూ నేలను వదిలిన క్షణంలో బండి జానెడు ముందుకు జరిగింది, జాకీ ఒరిగింది. నేను అప్పటికి ఇంకా కిందికి దూరలేదు కాబట్టి ఈ జవాబు రాయగలుగుతున్నాను. తరువాత ఆలోచిస్తే కారణం చాలా తేలికైనది. హ్యాండ్ బ్రేకు పట్టేది వెనుక చక్రాలనే, గేరు పట్టేది కూడా, మన బండి వెనుక చక్రాలతో నడిచేది కాబట్టి, వెనుక చక్రాలనే. ఆ రెండూ గాలిలోకి లేచాక నేల మీద మిగిలినవి ఏ అడ్డూ లేకుండా దొర్లే ముందు చక్రాలు మాత్రమే. అప్పటి నుంచి చదునైన నేల మీద తప్ప జాకీ ఎత్తను, నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనుకా చెక్క దిమ్మెలు పెట్టకుండా పని మొదలుపెట్టను, స్టాండ్ల మీద బరువు ఆనకుండా కిందికి వెళ్లను. బండితో పాటు వచ్చే జాకీ స్టెప్నీ మార్చుకోవడానికే గాని, దాదాపు రెండు టన్నుల ఇనుము కింద మనిషి పడుకోవడానికి కాదు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు అసలే వద్దు, అవి ముందుగా చెప్పకుండానే పగులుతాయి.

ఇక పనులు. ఇంజను ఆయిల్ మార్చడంతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే ఈ బండి నేల నుంచి 180 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది, సన్నగా ఉన్న మనిషి జాకీ అవసరం లేకుండానే కిందికి చేరగలడు. సామాన్లన్నీ శనివారం సాయంత్రమే కొని తెచ్చి పెట్టుకోండి. పాత ఆయిల్ దింపేశాక, తెచ్చిన ఫిల్టరు కొలత సరిపోలేదని తెలిస్తే, ఆదివారం పూట దుకాణాల చుట్టూ తిరగడానికి బండి కూడా ఉండదు. పది నిమిషాలు నడిపి ఇంజనును గోరువెచ్చగా చేసి, ఆపి, కాసేపు ఆగి, డ్రెయిన్ నట్టు విప్పాలి. ఆ నట్టు కింద ఉండే వాషరు ఖరీదు చాలా తక్కువే అయినా ప్రతిసారీ కొత్తది వేయండి. పాతది ఒకసారి నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి మళ్లీ గట్టిగా కూర్చోదు, చాలామంది చుక్కచుక్క కారుతోందని నట్టును ఇంకా బిగించి, చివరికి ఆయిల్ చాంబరు మరలు పాడుచేసుకుంటారు. ఎన్ని లీటర్లు, ఏ గ్రేడు అనేది బండి పుస్తకంలో చూసి పోయండి, పక్కింటివారి మాట మీద పోయకండి. దించిన పాత ఆయిల్‌ను కాలువలో పారబోయవద్దు, డబ్బాలో పట్టి షెడ్డువారికి ఇస్తే తీసుకుంటారు. మా ఊళ్లో దాన్ని చెదలు పట్టకుండా పాక గుంజలకు పూసేవారు, కానీ అది మంచి పద్ధతి అని నేను చెప్పను.

డీజిల్ బండికి ఆయిల్ తరువాత అంత ముఖ్యమైనది డీజిల్ ఫిల్టరు. దాని అడుగున చేరే నీటిని వదిలేయడానికి ఒక చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని కొద్దిగా వదులు చేస్తే ముందుగా నీరు, తరువాత శుభ్రమైన డీజిల్ వస్తుంది. గాజు సీసాలో పట్టి చూస్తే నీరు కింద, డీజిల్ పైన విడివిడిగా కనిపిస్తాయి. నేను మొదటిసారి పట్టినప్పుడు టీ గ్లాసులో పావు వంతు నీరు వచ్చింది, అంటే పాత యజమాని ఆ స్క్రూను ఎన్నడూ ముట్టుకోలేదన్నమాట. ఫిల్టరు మార్చితే లోపల చేరిన గాలిని పంపు చేసి బయటికి పంపాలి, లేకపోతే బండి స్టార్టు కాదు, బ్యాటరీ మాత్రం దిగిపోతుంది. అయితే ఇక్కడితో ఆగండి. ఇంజను నడుస్తుండగా, ఇంజనులోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకు వెళ్లే ఉక్కు గొట్టాలను వదులు చేసే పాత అలవాటు పాత లారీలకు చెల్లింది. మీ బండిలో ఉండే కామన్ రైల్ ఇంజనులో (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే రకం) ఆ గొట్టాలలో వెయ్యి బార్లకు మించిన ఒత్తిడి ఉంటుంది, అంత ఒత్తిడితో చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

గాలి ఫిల్టరు దులపడం, బ్యాటరీ టెర్మినళ్ల మీద చేరే తెల్లటి పొడిని వేడినీళ్లతో, తినే సోడాతో కడగడం, కూలెంటు మట్టం చూడడం వంటివి గంటలో అయిపోయే పనులు. బ్యాటరీ విప్పేటప్పుడు నెగటివ్ వైరు ముందు తీయాలనే సంగతి ఒక్కటే గుర్తుంచుకోండి. మా ఎండల్లో ఈ పనులు ఉదయం ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదింటికి ముగించకపోతే పానాలు చేతితో పట్టుకోలేము.

టైర్ల మీద మాత్రం కొంచెం ఎక్కువ సమయం పెట్టండి. సెకండ్ హ్యాండ్ బండి అమ్మేవారు నల్లటి పాలిష్ పూసి టైర్లను కొత్తవాటిలా చూపిస్తారు, కానీ టైరు పక్కన అచ్చయిన నాలుగంకెలు అబద్ధం చెప్పవు. 2317 అని ఉంటే ఆ టైరు 2017వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గాడి లోతు ఎంత మిగిలినా, ఏళ్లు గడిచిన రబ్బరు గట్టిపడి పక్కన సన్నని పగుళ్లు ఇస్తుంది. గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలన్నది నిబంధన, కానీ మన వానల్లో అంతవరకు ఆగడం నాకు ఇష్టముండదు. స్టెప్నీ తేదీ కూడా చూడండి. బండి కింద వేలాడే ఆ చక్రాన్ని ఎవరూ పట్టించుకోరు, దాన్ని దించే గొలుసు తుప్పు పట్టి బిగుసుకుపోయిందని రాత్రిపూట రోడ్డు మీదనే తెలుస్తుంది.

బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కాబట్టి రెండేళ్లకు ఒకసారి మార్చాలి. దానికి ఇద్దరు కావాలి. మా అబ్బాయి సీటులో కూర్చుని పెడలు తొక్కి పట్టుకుంటే నేను చక్రం దగ్గర పాత ఆయిల్‌ను బయటికి వదిలే నిపుల్ వదులు చేసి, నేను బిగించానని చెప్పాకే వాడు కాలు తీసేవాడు. ఒకసారి ముందుగానే కాలు తీశాడు, గాలి లోపలికి పోయింది, పని మళ్లీ మొదటినుంచి చేశాము. ఆ ఆయిల్ బండి రంగు మీద పడితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడగాలి. ఈ పని మీకు కొత్తైతే మొదటిసారి తెలిసినవారిని పక్కన పెట్టుకోండి. క్లచ్, టైమింగ్ చైను, ఏసీ గ్యాసు, ఎయిర్ బ్యాగుల జోలికి నేనూ వెళ్లను, వాటికి జవహర్ ఆటోనగర్‌లో నాకు నమ్మకమైన మెకానిక్ ఉన్నారు.

మార్పుల సంగతికి వస్తే, చట్టం ఏమంటుందో ముందు తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. ముందు వేసే ఇనుప గార్డుల విషయంలో వాటి మీద చర్యలు తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు లేఖ రాసింది. చట్టాన్ని పక్కన పెట్టినా నేను ఆ గార్డు వేయించుకోను, ఎందుకంటే గుద్దుకున్నప్పుడు నలిగి దెబ్బను తీసుకోవలసిన ముందు భాగాన్ని అది నలగనివ్వదు, ఆ దెబ్బ నేరుగా చాసీకి, అక్కడినుంచి లోపలివారికి చేరుతుంది. ఇక ఎదురుగా పడే పాదచారి సంగతి చెప్పనక్కరలేదు.

పెద్ద టైర్ల మీద మీ ఆశను కాస్త లెక్కతో చూద్దాము. మీ బండికి కంపెనీ ఇచ్చిన కొలత 235/65 ఆర్17 అయితే టైరు మొత్తం ఎత్తు సుమారు 737 మిల్లీమీటర్లు. అందరూ మోజు పడే 265/65 ఆర్17 వేస్తే అది 776 అవుతుంది. ఆ తేడాలో సగమే బండి కింద ఎత్తుగా మిగులుతుంది కాబట్టి మీకు దక్కేది రెండు సెంటీమీటర్లు. దానికి బదులుగా మీటరు 80 చూపినప్పుడు మీరు నిజంగా 84 వేగంతో వెళుతుంటారు, ప్రతి గేరులోనూ లాగే శక్తి ఐదు శాతం తగ్గుతుంది, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపల రాసుకునే అవకాశం ఉంటుంది. స్ప్రింగుల దగ్గర స్పేసర్లు అనే దిమ్మెలు పెట్టి ఎత్తు పెంచితే, చక్రం పైకీ కిందికీ, పక్కలకూ కదలడానికి వీలిచ్చే బాల్ జాయింట్లు నిరంతరం వంకరగా పనిచేస్తాయి, అసలే ఎత్తైన బండి మలుపుల్లో మరింత ఊగుతుంది.

లైట్ల దగ్గర నేనే పొరపాటు చేశాను. 55 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర సుమారు 4.6 ఆంపియర్లు తీసుకుంటుంది, 100 వాట్లది 8.3 తీసుకుంటుంది. ఈ లెక్క వేయకుండా నేను పాత వైర్లకే 100 వాట్ల బల్బులు పెట్టాను. మూడు నెలలకు హోల్డరు ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, ఒక అంచు కరిగి, వేలితో ముట్టుకుంటే పెళుసుగా విరిగింది. పాత బల్బులే తిరిగి వేసి, పసుపు పచ్చగా మారిన లైటు అద్దాన్ని 1000, 2000 నంబరు వాటర్ పేపర్లతో నీళ్లు పోస్తూ రుద్ది పాలిష్ చేసి, ఎర్తు వైరు చివర తుప్పు గీకి బిగించాక, నాకు కావలసిన వెలుగు వచ్చింది. మీరు కూడా ముందు ఇది చేసి చూడండి.

డ్యాష్ కెమెరా, రివర్సు కెమెరా, మడ్ ఫ్లాపులు, మందపాటి రబ్బరు మ్యాట్లు నిరభ్యంతరంగా వేయించుకోండి. కెమెరాకు కరెంటు తీసే చోట ఫ్యూజు తప్పక ఉండాలి, వాటి బిల్లులు దాచి బీమా పునరుద్ధరణ సమయంలో విడిగా చూపండి. ఎలుకలు వైర్లు కొరకకుండా పొగాకు కాడలు పెట్టమని మా గుంటూరు బంధువులు చెప్పారు, నా ఇంజనులో ఆ వాసన రెండు నెలలే పనిచేసింది.

చివరగా ఆ టక్ శబ్దం. రెండు ముందు చక్రాలూ నేల మీదే ఉండగా, బండి ఆపి, స్టీరింగును పూర్తిగా ఒక పక్కకు తిప్పి, ఎడమ చక్రం వెనుక కనిపించే సన్నని లింక్ రాడ్‌ను చేతితో గట్టిగా పట్టి ఊపండి. అది మలుపుల్లో బండి ఎక్కువగా ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బారుకు తగిలించిన కడ్డీ. దాని చివర్లలో ఏ మాత్రం ఆట (వదులుగా కదలడం) ఉన్నా, చిన్న గుంతల్లో సరిగ్గా మీరు చెప్పిన శబ్దమే వస్తుంది, రెండు నట్లు విప్పి మార్చుకోవచ్చు, కుడివైపుది కూడా అప్పుడే మార్చండి. అక్కడ ఆట లేకపోతే, చక్రాన్ని నేల నుంచి ఎత్తి స్టాండు మీద ఉంచి, పైనా కిందా రెండు చేతులతో పట్టి లోపలికి బయటికి ఊపి చూడండి. అది కదిలితే బాల్ జాయింటు గాని, చక్రం బేరింగు గాని అరిగినట్లే. అప్పుడు ఆదివారం కోసం ఆగకుండా మరుసటి ఉదయమే షెడ్డుకు నెమ్మదిగా నడిపించుకుని వెళ్లండి, హైవే మాత్రం ఎక్కకండి.