లాక్స్‌టన్‌లో కంచెలు ఎందుకు లేవంటే

ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్‌షైర్‌లోని లాక్స్‌టన్ అనే ఊరు వెళ్లారు, పొలాల్లో ఎక్కడా కంచె కనపడలేదు, రైతుల ఇళ్లన్నీ ఊళ్లోనే ఉన్నాయి, ఇక ఎవరి భూమి ఎవరిదో ప్రాజెక్టులో ఎలా చూపించాలి అని కదా మీరు అడిగింది. టెన్షన్ పడకండి, మీరు చూసింది సరైనదే.

18, 19 శతాబ్దాల్లో పార్లమెంటు చట్టాలతో ఇంగ్లండ్‌లో చాలా ఊళ్ల ఉమ్మడి పొలాలను ముక్కలు చేసి కంచెలు వేశారు, లాక్స్‌టన్‌లో మాత్రం వెస్ట్, మిల్, సౌత్ అనే మూడు పెద్ద పొలాలు మిగిలాయి. ఒక్కో రైతుకు మూడింట్లోనూ పొడవాటి చీలికలు, అంటే సన్నటి భూమి ముక్కలు, ఉంటాయి కాబట్టి ఇల్లు ఏదో ఒక పొలంలో కట్టుకుంటే మిగతా రెండూ దూరమైపోతాయి, ఊరి మధ్యలో ఉంటే అన్నీ అందుబాటులో ఉంటాయి. ఏటా ఒక పొలంలో గోధుమ, ఇంకోదాంట్లో వసంతకాలపు పంట, మూడోది బీడు.

మరి హద్దులెలా? నవంబరు చివర్లో జ్యూరీగా ఎంచుకున్న రైతులు గోధుమ పొలం అంతా తిరిగి చూసి మేకులు పాతుతారు, దారిలోకి దున్నినవాళ్లకు జరిమానా వేస్తారు, తర్వాత కోర్ట్ లీట్ అనే ఊరి కోర్టు కూర్చుంటుంది. ఇది ఇప్పటికీ నడుస్తోంది, నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

మీ ప్రాజెక్టుకైతే 1635లో మార్క్ పియర్స్ గీసిన పటం తీసుకోండి, చీలికలన్నీ ఒక్కొక్కటిగా అందులో ఉన్నాయి. దాన్ని ఇప్పటి ఉపగ్రహ చిత్రం పక్కన పెట్టి చూపించండి.