మ్యాచ్ చూసిన రాత్రి హైవే ఎక్కొద్దు

కావలి

చి. అమ్మణ్ణికి,

అత్త ఆశీస్సులు. క్రిస్మస్ సెలవులకు నువ్వూ మీ రూమ్మేట్లిద్దరూ డల్లాస్‌లో మావెరిక్స్ జట్టు బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూసి, అట్నుంచటే కారేసుకుని గ్రాండ్ కాన్యన్‌కు పోతున్నారని నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మొదటి సగం వింటుంటే కడుపు నిండిపోయింది. రెండో సగం విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకని రాస్తున్నాను. కుదురుగా కూర్చుని చదువు.

ముందు సంతోషం సంగతి. నెట్ కూడా లేని రింగులోకి, పగుళ్లు పట్టిన సిమెంటు కోర్టు మీద బాల్ వేసి నేర్చుకున్న పిల్లవి నువ్వు. ఇవాళ సొంత జీతంతో టికెట్ కొనుక్కుని అమెరికా పెద్ద లీగు ఎన్‌బీఏ మ్యాచ్‌కు పోతున్నావు. నేను మద్రాసు నందనంలో వైఎంసీఏ కాలేజీలో చదివేటప్పుడు మా మాస్టారు ఈ ఆట పుట్టుక గురించి పాఠం చెప్పారు. 1891 డిసెంబరులో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, చలికి బయట ఆడలేని కుర్రాళ్ల కోసం జేమ్స్ నైస్మిత్ పీచ్ పళ్ల బుట్టలు రెండు తెచ్చి, పదడుగుల ఎత్తున బాల్కనీకి కొట్టించాడు. ఆయన పాఠాలు చెప్పిందీ వైఎంసీఏ స్కూల్లోనే. ఆ వైఎంసీఏ వాళ్ల చేతుల మీదుగానే ఆట మన దేశానికి వచ్చింది, అట్లా నాకొచ్చింది, నా నుంచి నీకొచ్చింది. అది పుట్టిన దేశంలో, పుట్టిన నెలలోనే నువ్వు చూడబోతున్నావు. ఈ మాట మన వీధిలో చెప్పని ఇల్లు లేదు.

మీ బావ దగ్గరికి వచ్చినప్పుడు నన్ను మావెరిక్స్ ఆడే ఆ ఇండోర్ స్టేడియానికే, అదే ఎరీనాకు, తీసుకెళ్లాడు. కాబట్టి ఇవన్నీ చూసి చెబుతున్నవే. కారు ఇంటి దగ్గరే పెట్టి ట్రైన్లో పొండి. విక్టరీ స్టేషన్‌లో దిగితే పక్కనే ఎరీనా. కారులో పోతే తిరిగొచ్చేటప్పుడు పార్కింగ్‌లోంచి బయటపడేసరికి ప్రాణం విసిగిపోతుంది. చివరి ట్రైన్ ఎన్నింటికో ముందే చూసి పెట్టుకో. టికెట్ ఫోన్‌లోనే ఉంటుంది గనక చార్జింగ్ నిండుగా ఉండాలి. ఏ సైజు బ్యాగు వరకు లోపలికి రానిస్తారో వాళ్ల సైట్‌లో చూడు. కోటు మర్చిపోవద్దు.

బయట డర్క్ నోవిట్స్కీ విగ్రహం ఉంటుంది. 2022లో క్రిస్మస్ రోజునే దాన్ని ఆవిష్కరించారు. 21 సీజన్లు ఒక్క మావెరిక్స్‌కే ఆడి, 2011లో ఆ జట్టుకు కప్పు తెచ్చిన మనిషి. ఒంటికాలి మీద వెనక్కి వాలుతూ ఆయన వేసే షాట్‌నే విగ్రహంగా పోశారు. దాని ముందు ఫోటో దిగి మీ నాన్నకు పంపు. మర్చిపోకుండా పంపు.

గేట్లు తెరవగానే లోపలికి వెళ్లిపో. మ్యాచ్ కంటే ముందు జరిగే వార్మప్ చూడాలి. అంత పెద్ద పెద్ద ఆటగాళ్లు ఒకే చోట నిలబడి అదే షాట్ మళ్లీ మళ్లీ వేస్తుంటారు. బాల్ వదిలాక వాళ్ల చెయ్యి ఎట్లా నిలబడుతుందో చూడు. మణికట్టు వంగి, వేళ్లు రింగు వైపు వాలి, బాల్ పడేదాకా అట్లాగే ఉంటుంది. ఆరో క్లాసులో నీ చెయ్యి పట్టుకుని నేను నేర్పించింది అదే. నువ్వు వెంటనే చెయ్యి దించేసేదానివి, నేను తిట్టేదాన్ని.

ఆట మొదలయ్యాక బాల్ వెంబడే కళ్లు పోనీయకు. బాల్ లేని నలుగురు ఏం చేస్తున్నారో చూడు. ఎవరు ఎవరికి అడ్డం నిలబడి దారి ఇస్తున్నారు, ఎవరు వెనక నుంచి జారుకుంటున్నారు, ఇవి పైవరసల నుంచే బాగా కనబడతాయి. అందుకని చవక టికెట్ అని చిన్నబుచ్చుకోవద్దు. నువ్వు ఆడింది పది నిమిషాల క్వార్టర్లు, అక్కడ పన్నెండు. మనకు అయిదో ఫౌల్‌తో బయటికి, అక్కడ ఆరో ఫౌల్‌తో. మూడు పాయింట్ల గీత ఎన్‌బీఏలోకి 1979లో, అంతర్జాతీయ ఆటలోకి 1984లో వచ్చింది. నేను ఆడిన రోజుల్లో ఎంత దూరం నుంచి వేసినా రెండే.

బాల్ చేతికొచ్చాక 24 సెకన్లలో షాట్ వెయ్యాలి కదా, ఆ గడియారం కథ మీ ఫ్రెండ్స్‌కు చెప్పు. 1950లో ఫోర్ట్ వేన్ జట్టు షాట్ వెయ్యకుండా బాల్ పట్టుకుని కాలం గడిపి, 19-18తో మ్యాచ్ గెలిచింది. ఇట్లా అయితే జనం రారని సిరక్యూస్ జట్టు యజమాని డానీ బయాసోన్ లెక్క కట్టాడు. 48 నిమిషాలంటే 2880 సెకన్లు. ఆట బాగా సాగిన రోజున రెండు జట్లూ కలిసి 120 షాట్లు వేస్తాయి. ఆ 2880ని 120తో భాగిస్తే 24. 1954లో అది రూలయింది. ఒక్క భాగహారం ఆటకు ఊపిరి పోసిందని పిల్లలకు చెప్పేటప్పుడల్లా నాకు ఒళ్లు పులకరించేది.

ఇంకొకటి. నువ్వు చూడబోయే మావెరిక్స్ జట్టే 2015లో పంజాబ్ రైతు కుటుంబం నుంచి వచ్చిన సత్నామ్ సింగ్‌ను డ్రాఫ్ట్‌లో, అంటే లీగు జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, తీసుకుంది. అట్లా ఎంపికైన మొదటి భారతీయుడు ఆ అబ్బాయే. ఆ పేరు మీ ఆఫీసులో వాళ్లకు తెలియకపోతే తెలియజెయ్యి.

ఇక రెండో సగం.

ఏడున్నరకు మొదలైన మ్యాచ్ పది దాకా నడుస్తుంది. ఓవర్‌టైం పడితే ఇంకా లేటు. మీరేమో అది అవగానే హైవే ఎక్కి, రాత్రంతా నడిపి, తెల్లారేసరికి దారిలో ఉన్న అమరిల్లో అనే ఊరు దాటేయాలని ప్లాన్ వేశారట. వద్దు అమ్మణ్ణీ. ఇందులో రెండో మాట లేదు.

మీ నాన్న కుడి మణికట్టు కొంచెం వంకరగా ఉంటుంది కదా. చిన్నప్పుడు నువ్వు అడిగితే మామిడిచెట్టు ఎక్కి పడ్డానన్నాడు. నీకు భయం పెట్టడం దేనికని మేమంతా ఊరుకున్నాం.

అది 1988, సంక్రాంతి ముందు. ఒంగోలులో టోర్నమెంటు. మీ నాన్నకు ఇరవై ఒకటో ఏడు. తమ్ముడని చెప్పడం లేదు, పీఈటీగా చెబుతున్నాను, అంత అందమైన షాట్ మన చుట్టుపక్కల నేను మళ్లీ చూడలేదు. ఫైనల్ రాత్రి లైట్ల కింద పెట్టారు. మధ్యలో కరెంటు పోయి, వచ్చి, మ్యాచ్ అయ్యేసరికి పదకొండు దాటింది. మనవాళ్లు గెలిచారు. పడుకోడానికి అక్కడి స్కూలు హాల్లో చాపలు కూడా వేయించి పెట్టారు. కానీ తెల్లారితే భోగి. భోగి మంట దగ్గర కప్పు పట్టుకుని నిలబడాలని కుర్రాళ్ల తొందర. వ్యాన్ డ్రైవర్ కూడా వాళ్ల ఈడువాడే. పొద్దున్నుంచి వాళ్లతోనే తిరిగి, మ్యాచంతా నిలబడి కేకలేసి గొంతు పోగొట్టుకున్నాడు. "నాకేం నిద్ర రావట్లా, పోదాం పదండి" అన్నాడట. ఆ మాట నిజమే అయ్యుంటుంది. గెలిచిన ఉత్సాహంలో ఒంటికి అలసట తెలియదు. బండెక్కి గంటసేపు చీకట్లో కూర్చుని, ఇంజను మోత ఒకే తీరుగా వినబడుతుంటే అప్పుడు తెలుస్తుంది.

మెటాడోర్ వ్యాన్. అప్పుడు హైవేకి డివైడర్ లేదు, ఎదురొచ్చే లారీల లైట్లు సూటిగా కళ్లలోకి కొట్టేవి. టంగుటూరు దాకా పాటలు పాడుకున్నారు. సింగరాయకొండలో టీ తాగారు. టీ తాగాం గనక ఇక పర్లేదనుకున్నారు. డ్రైవర్‌ని మాటల్లో పెడదామని మీ నాన్న ముందు సీట్లో కూర్చున్నాడు. ఉలవపాడు దాటాక మాటలు ఆగిపోయాయి. ఎవరు ముందు నిద్రపోయారో ఇద్దరికీ తెలియదు. బ్రేకు వేసిన గుర్తు కూడా రోడ్డు మీద లేదట. వ్యాన్ రోడ్డు దిగి తాటిచెట్టుకు కొట్టుకుని ఒరిగిపోయింది.

ప్రాణాలు దక్కాయి. డ్రైవర్ కాలు విరిగింది, వెనకున్నవాళ్లకు దెబ్బలు తగిలాయి. దారిన పోయే లారీ ఆయన ఆపి, అందరినీ ఎక్కించుకొచ్చి కావలిలో ఆసుపత్రి ముందు దించి వెళ్లిపోయాడు. నాకు కబురొచ్చేసరికి వీధిలో భోగి మంటలు వేస్తున్నారు. ఆ పొగలోనే పరిగెత్తాను. వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు మీ నాన్న, మోచేతి దాకా కట్టు. నన్ను చూడగానే కట్టులోంచి బయటికి కనబడుతున్న వేళ్లను ఒక్కొక్కటే కదిలించి, "కదులుతున్నాయి చూడక్కా, ఏం కాలేదు" అన్నాడు.

ఎముక సరిగ్గా అతుక్కోలేదు. కట్టు విప్పాక రోజూ తెల్లారకముందే కోర్టుకు పోయేవాడు. నేను రింగు కింద నిలబడి బాల్ అందించేదాన్ని. చేతిలోంచి వదిలితే వెనక్కి తిరుగుతూ పోవాల్సిన బాల్ పక్కకు తిరిగేది. రింగు ఎడమ అంచుకు తగిలి బయటికి పడేది. మళ్లీ వేసేవాడు. మళ్లీ అక్కడే తగిలేది. ఒకరోజు బాల్ నా చేతికిచ్చి "ఇంక చాలక్కా" అన్నాడు. మళ్లీ కోర్టులో కాలు పెట్టింది, నిన్ను నా దగ్గర చేర్పించడానికి వచ్చినప్పుడే.

తప్పంతా డ్రైవర్‌దేనని ఊరంతా అన్నారు. నేను ఒప్పుకోను. చాపలు వేసి ఉన్నాయి. అంతమందిలో ఒక్కడు "పడుకుందాం" అని ఉంటే సరిపోయేది. మీ ముగ్గురిలో ఆ మాట అనేదానివి నువ్వు కావాలి.

ఇందాక చెప్పిన లెక్కలాంటిదే ఇంకొకటి చెబుతాను. ఎన్‌బీఏ కోర్టు పొడవు 94 అడుగులు. మీరు పోయే రోడ్ల మీద గంటకు 75 మైళ్ల వేగం మామూలే అన్నాడు మీ బావ. ఆ వేగంలో కారు ఒక్క సెకనులో 110 అడుగులు పోతుంది. అంటే కన్ను సెకను మూతపడితే ఈ బుట్ట నుంచి ఆ బుట్టను దాటి, ఇంకా అవతలికి పోయినట్టే. కునుకు సెకనుతో ఆగదు. మూడు, నాలుగు సెకన్లు పట్టేస్తుంది. వార్మప్ చూసేటప్పుడు ఆ కోర్టును ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి చూసుకో.

కాబట్టి మ్యాచ్ అవగానే ఇంటికి పోయి పడుకోండి. పొద్దున ఎనిమిదికి తిని బయలుదేరితే మధ్యాహ్నానికి అమరిల్లో చేరతారు. న్యూ మెక్సికోలో అడుగు పెట్టగానే గడియారం గంట వెనక్కి పోతుంది, అదొక లాభం. ఓపిక ఉంటే రాత్రికి ఆల్బుకర్కీ, లేకపోతే ఇంకా ముందే ఆగండి. మొత్తం వెయ్యి మైళ్ల పైన ఉంది, రెండు రోజులు పెట్టుకోండి. ముగ్గురిలో ఇద్దరికే డ్రైవింగ్ వచ్చునట, రెండు గంటలకోసారి మారండి. పక్క సీట్లో కూర్చున్నవాళ్లు నిద్రపోకూడదు. నిద్రొస్తే వెనక్కి పోయి మూడో పిల్లను ముందుకు పంపాలి. నడిపేవాళ్లకు కళ్లు బరువెక్కితే ఏసీ పెంచడం, పాటలు పెంచడం పనికిరావు. కాఫీ తాగినా అది ఒంటికి పట్టడానికి అరగంట కావాలి. రెస్ట్ ఏరియాలో ఆపి, తలుపులు లాక్ చేసుకుని ఇరవై నిమిషాలు పడుకోండి.

చలి గురించి మీ బావ చెప్పినవి: రోడ్డు మామూలుగా ఉన్నా వంతెనల మీద ముందే మంచు గడ్డకడుతుంది, అక్కడ గట్టిగా బ్రేకు వేయొద్దు. కాన్యన్‌కు పోయే దారిలో ఫ్లాగ్‌స్టాఫ్ ఊరు ఏడు వేల అడుగుల ఎత్తు, అక్కడ మంచు కురుస్తుంది. బయలుదేరే ముందు టెక్సాస్‌లో రోడ్ల సంగతి డ్రైవ్‌టెక్సాస్ సైట్‌లో చూసుకోండి. ట్యాంకు సగానికి రాగానే నింపండి. కారులో దుప్పట్లు, నీళ్లు ఉంచండి. టైర్లలో గాలి చూపించండి. కాన్యన్ ఉత్తరపు అంచు నార్త్ రిమ్ చలికాలం మూసేస్తారు, దక్షిణపు అంచు సౌత్ రిమ్‌కే దారి పెట్టుకోండి. అంచుల దగ్గర సెల్ఫీలు దిగితే మాత్రం నాకు చూపించొద్దు, నా గుండె తట్టుకోదు.

తినడానికి పులిహోర చేసుకుని పొండి. మీ అమ్మ పంపిన మలై కాజాలు నడిపేటప్పుడు తినొద్దు, కడుపు నిండితే నిద్ర ముంచుకొస్తుంది. గదికి చేరాక తినండి.

ఒకరోజు ఆలస్యమైతే అక్కడ బుక్ చేసిన గది డబ్బులు పోతాయంటావేమో. ఆ డబ్బులు నేనిస్తాను. మీ బావతో చెప్పాను, నీ అకౌంట్‌లో వేస్తాడు. వద్దనకు.

ఈ లేఖ పంపే ముందు మీ నాన్నకు చదివి వినిపించాను. మణికట్టు దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపి, ఇది తీసెయ్యమంటావా అని అడిగాను. "ఉండనీ అక్కా, పంపించు" అన్నాడు.

మీ ఫ్రెండ్స్‌కు కూడా చదివి చెప్పు. తెలుగు రాని అమ్మాయికి ఆ 110 అడుగుల లెక్క ఒక్కటైనా చెప్పు. మ్యాచ్ అయ్యి ఇంటికి చేరగానే మెసేజ్ పెట్టు. మీకు రాత్రి పదకొండంటే మాకు మర్నాడు పొద్దున పదిన్నర, నేను ఫోన్ దగ్గరే ఉంటాను. పొద్దున బయలుదేరేటప్పుడు ఇంకొకటి పెట్టు. దారిలో ఆగిన చోటల్లా ఊరి పేరు రాస్తే చాలు.

మీ అత్త