కోరంగికి వెళ్లేముందు ఆటుపోట్లు చూసుకో

హైదరాబాద్

చి.ల.సౌ. శిరీషకు పెద్దమ్మ ఆశీస్సులు.

పిల్లల్నీ మీ అత్తగారినీ తీసుకుని కాకినాడ దగ్గరున్న కోరంగి మడ అడవికి వెళ్తామన్నావు, చాలా సంతోషం. గౌతమి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు తీసేముందు గోడమీద క్యాలెండర్‌లో తిథి చూడు. అమావాస్యకో పౌర్ణమికో ఒకటి రెండు రోజుల తర్వాత పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. అష్టమి దగ్గర్లో ఆ తేడా అంతగా ఉండదు. నీళ్లు దిగితేనే బురద బయటపడుతుంది, చూడాల్సిందంతా ఆ బురదలోనే ఉంది. తర్వాత నెట్‌లో కాకినాడ పోర్టు ఆటుపోట్ల పట్టిక తీసి ఆ రోజు వేళలు రాసుకో. రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి కాబట్టి కిందటి వారం వెళ్లొచ్చినవాళ్లు చెప్పిన టైము నీకు పనికిరాదు.

ఆటుకు గంట ముందు చెక్క బాట ఎక్కండి. పడవ షికారు కూడా కావాలంటే పోటు వేళకు పెట్టుకోండి. నీళ్లు తగ్గితే కాలువల్లో పడవ అడుగు నేలకు తగులుతుంది. ఆటుకూ పోటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు ఉంటుంది. ఆ వ్యవధిలో భోజనం చేసి, ఉప్పాడ వైపు సరుగుడు తోటల్లో తిరగొచ్చు.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. అక్టోబరు, నవంబరుల్లో తుఫానుల భయం ఉంటుంది, అప్పుడు పెట్టుకోవద్దు.

చెక్క బాట మీద తేమకు నాచు పడుతుంది. కేబీఆర్ పార్కులో నడిచి నడిచి అడుగు అరిగిన బూట్లు అక్కడ జారతాయి. గట్లు ఉన్న రబ్బరు అడుగు, వెనక పట్టీ ఉన్న చెప్పులు తీసుకో. బాట దిగి బురదలో మాత్రం ఎవరూ కాలు పెట్టకూడదు. మోకాలి దాకా దిగబడుతుంది, పైగా మడ చెట్ల ఊపిరి వేళ్లు మేకుల్లా నిలబడి ఉంటాయి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే మురికి కాలువ అనుకోకండి. గాలి ఆడని బురదలో సూక్ష్మజీవులు వదిలే వాయువు అది.

పిల్లల్ని ఒకచోట ఐదు నిమిషాలు కదలకుండా నిలబెట్టు. అడుగుల చప్పుడుకు బొరియల్లోకి పారిపోయిన పీతలు మళ్లీ బయటికొస్తాయి. ఒక డెక్క చిన్నగా, ఇంకొకటి ఒంటికి మించి పెద్దగా ఉన్నది మగ పీత, ఆ పెద్ద డెక్కను ఊపుతూ ఉంటుంది. రెక్కల మీద పాకుతూ గెంతే చేప మడ్‌స్కిప్పర్. తెల్ల మడ ఆకును తెంపకుండా వంచి చూస్తే ఉప్పు పలుకులు కనిపిస్తాయి, చెట్టు పీల్చిన ఉప్పును ఆకుల గుండానే బయటికి పంపుతుంది. బావురుపిల్లి కనిపిస్తుందని పిల్లలకు ఆశ పెట్టకు, అది ఎక్కువగా రాత్రిపూట తిరిగే జంతువు.

ఒక్క చెట్టుతో జాగ్రత్త: తిల్ల. కొమ్మ విరిస్తే పాలు కారతాయి. ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పడితే నలపకుండా మంచినీళ్లతో కడుగుతూనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏది తిల్లో తెలియదు కాబట్టి ఏ కొమ్మా విరవొద్దని పిల్లలకు రైల్లోనే చెప్పు.

సరుగుడు తోటలో నీడ పలచన, టోపీ ఉండాలి. ఎండి రాలిన సూదుల్లాంటి పుల్లల మీద కాలు జారుతుంది, కాయలు గుచ్చుకుంటాయి, చెప్పులు విప్పనివ్వకు. ఆ ఎండు పుల్లలకు నిప్పు ఇట్టే అంటుకుంటుంది, అక్కడ పొయ్యి పెట్టే ఆలోచనే వద్దు. సూదిలా కనిపించే పుల్లను కణుపు దగ్గర లాగితే ముక్కలుగా ఊడివస్తుంది. నిజానికి అది సన్నటి రెమ్మ, అసలు ఆకులు కణుపు చుట్టూ ఉన్న చిన్న పొలుసులు. పిల్లలకు ఇది చూపించు, బాగా నచ్చుతుంది.

మన హైదరాబాద్ పొడి గాలికి అలవాటైన ఒంటికి అక్కడి ఉక్క తెలియకుండానే నీరసం తెస్తుంది. మనిషికి లీటరు నీళ్లు, రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, దోమల క్రీము ఉంచుకో. మీ అత్తగారికి మోకాళ్ల నొప్పులు కదా, వదులు ఇసుకలో నడిపించకు. నీళ్లు దిగిన చోట తడి ఇసుక గట్టిగా ఉంటుంది, చేతికర్ర ఇచ్చి ఆ అంచునే నడిపించు. అలసిపోయానని ఆవిడ చెప్పరు, ఇరవై నిమిషాలకోసారి నువ్వే కూర్చోబెట్టు.

మీ పెద్దమ్మ