లడ్డూగాడికి ఆసుపత్రి పగలే చూసి పెట్టుకో

అమ్మా చిట్టీ,

మొన్న రాత్రి మీ కుక్క లడ్డూగాడు సాక్సు మింగేశాడని ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మంచం కింద దొరికింది కాబట్టి సరిపోయింది. ఎక్కడికి తీసుకెళ్తావే అంటే "ఫోన్లో వెతుకుతా పెద్దమ్మా" అన్నావు. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు నిద్ర లేదు.

మా కుక్క సింగడు పోయిన రాత్రి నేనూ అలాగే వెతికాను. రాత్రి అన్నం తిన్నాక వాడు ఒకచోట నిలవలేదు. కక్కబోయేవాడు, నురగ తప్ప ఏమీ వచ్చేది కాదు. చెయ్యి వేసి చూస్తే పొట్ట డప్పులా బిగిసిపోయి ఉంది. పెద్దజాతి కుక్కలకి కడుపు గాలితో ఉబ్బి మెలితిరుగుతుందని, వెంటనే ఆపరేషన్ చేయకపోతే గంటల్లోనే పోతాయని నాకప్పుడు తెలీదు. "24 గంటలు" అని బోర్డున్న చోటికి ఆటోలో తీసుకెళ్తే షట్టర్ సగం దించి ఉంది. లోపల పడుకున్న కుర్రాడు లేచి, "డాక్టరుగారు ఎనిమిదింటికి వస్తారండీ" అన్నాడు. రెండోచోట డాక్టరున్నాడు, ఆపరేషన్ చేసే ఏర్పాటు లేదు. మూడోచోటికి దారిలో ఉండగానే నా ఒళ్లో తల పెట్టి పోయాడు.

అందుకే ఈ ఆదివారం నువ్వే స్వయంగా వెళ్లి రెండు ఆసుపత్రులు చూసిరా. బోర్డు చూసి నమ్మకు. రాత్రి రెండింటికి డాక్టరు లోపలే ఉంటారా, ఫోన్ చేస్తే ఇంటి నుంచి వస్తారా అని సూటిగా అడుగు. ఆ రెండింటికీ మధ్య ఒక ప్రాణం ఉంటుంది. ఆక్సిజన్, ఎక్స్‌రే, స్కానింగ్, రక్తపరీక్ష ఆ వేళప్పుడు కూడా చేస్తారా? అర్ధరాత్రి ఆపరేషన్ చేస్తారా? రక్తం ఎక్కించాల్సొస్తే ఎక్కడి నుంచి తెస్తారు? అడ్మిట్ చేస్తే తెల్లారేదాకా పక్కన ఎవరుంటారు? ముందుగా ఎంత కట్టాలి? ఇన్ని అడుగుతున్నావని విసుక్కునేవాళ్లైతే అక్కడికి వెళ్లొద్దు. మీ హైదరాబాదులో నారాయణగూడ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. మాకు గన్నవరం కాలేజీ ఎలాగో నీకు అవి అలాగ. పెద్ద చదువులు చదివిన డాక్టర్లుంటారు, ఖర్చూ తక్కువ. కాకపోతే ఏ వేళల్లో చూస్తారో ముందే కనుక్కో. 1962 నంబరుకి ఫోన్ చేస్తే వచ్చే పశువైద్యం బండి ముఖ్యంగా ఊళ్లలో పాడి పశువుల కోసం పెట్టింది. మన గేదె ఈనలేక అల్లాడినప్పుడు ఆ బండే ఆదుకుంది. అపార్టుమెంటులో ఉన్న నువ్వు మాత్రం రాత్రిపూట దాన్నే నమ్ముకుని కూర్చోకు.

ఇంకో పని ఇవాళే చెయ్యి. లడ్డూగాడి పై పెదవి ఎత్తి, చిగురు మీద బొటనవేలు నొక్కి వదులు. తెల్లబడ్డ చోట రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగు రావాలి. బాగున్నప్పటి రంగు నీ కంటికి అలవాటైతే, బాగోలేనప్పుడు నీకే తెలిసిపోతుంది. చిగుళ్లు సున్నంలా పాలిపోయినా, నీలంగా మారినా ఎవరినీ అడగక్కర్లేదు, బయల్దేరు. నిద్రలో నిమిషానికి ముప్ఫై దాటి ఊపిరి తీస్తున్నా, ఫిట్స్ ఐదు నిమిషాల్లో ఆగకపోయినా అంతే.

మీ గుండుగాడి సంగతి విడిగా చెప్పాలి. మగపిల్లి ట్రేలో మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే, మలబద్ధకం అనుకుని ఆముదం పట్టకు. మూత్రం దారి మూసుకుపోయిందన్నమాట. పొద్దున చూద్దాంలే అనుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

మన మాత్రలు వాటికి వెయ్యకు. జ్వరానికి మనం వేసుకునే పారాసెటమాల్ ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీస్తుంది. ఏదైనా తినకూడనిది తిన్నా ఉప్పునీళ్లు పోసి కక్కించొద్దు, డాక్టరుకి ఫోన్ చెయ్యి. ఎలుకల మందైతే ఆ ప్యాకెట్ కూడా పట్టుకెళ్లు, మందుని బట్టే విరుగుడు. కొన్ని రకాలు తిన్నాక రెండు మూడు రోజులు హాయిగా తిరుగుతాయి, ఆ తర్వాత లోపల రక్తం కారడం మొదలవుతుంది. బాగానే ఉన్నాడుగా అని ఆగిపోవద్దు.

తలుపు వెనక ఒక గుడ్డసంచి తగిలించు. టీకాల కార్డు, వాడుతున్న మందుల పేర్లు, పాత దుప్పటి, తువ్వాలు, అదనపు గొలుసు, కొంచెం నగదు అందులో ఉండాలి. లడ్డూగాడు లేవలేకపోతే దుప్పటి మీద పడుకోబెట్టి నాలుగు కొసలూ పట్టుకుని ఇద్దరు మొయ్యండి. గుండుగాణ్ణి మూతున్న బుట్టలోనే తీసుకెళ్లు, ఒళ్లో పెట్టుకుంటే ఆటోలోంచి దూకేస్తాడు. నొప్పిలో ఉన్న జీవి అమ్మనైనా కరుస్తుంది. మెత్తటి చున్నీతో మూతి కట్టొచ్చు గానీ, కక్కుతున్నా ఆయాసపడుతున్నా మాత్రం కట్టకు. ఒకవేళ కరిస్తే ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పావుగంట కడిగి, ఆ రోజే నువ్వూ ఆసుపత్రికి వెళ్లాలి. మరిచిపోయేవు సుమా. రాత్రిళ్లు కుక్కంటే ఎక్కించుకోని ఆటోవాళ్లే ఎక్కువ, కాబట్టి మీ వీధి చివర స్టాండులో ఎవరితోనైనా ముందే మాట్లాడి నంబరు తీసుకో.

బయల్దేరుతూ ఫోన్ చేసి వయసు, బరువు, ఏం జరిగింది, ఎప్పటి నుంచి అన్నది చెప్పు. ఫిట్స్ వస్తుంటే వీడియో తీసి ఉంచు, కక్కినదాన్ని చిన్న డబ్బాలో పట్టుకెళ్లు. అక్కడ నీ వెనక వచ్చినవాళ్లని ముందు లోపలికి తీసుకెళ్తే గొడవపడకు, వాళ్ల కుక్క బండి కింద పడి ఉండొచ్చు. డబ్బు మాట ఎత్తడానికి మొహమాటపడొద్దు. "ఈ రాత్రే చేయాల్సినవి ఏవండీ, రేపటిదాకా ఆగగలిగినవి ఏవి?" అని అడిగితే మంచి డాక్టరు విడమరిచి చెప్తారు.

ఆదివారం వెళ్లొచ్చాక రెండు చోట్లా ఏమన్నారో ఫోన్ చేసి చెప్పు, ఎంతసేపైనా వింటాను. అక్కడున్నప్పుడే లడ్డూగాణ్ణి తూకం మీద నిలబెట్టి, ఆ బరువు టీకాల కార్డు మీద రాసి పెట్టు.

ఇట్లు,
మీ పెద్దమ్మ