డికాషన్ తీశాక మిగిలే కాఫీ పిప్పి మొక్కలకు వేయొచ్చా?

చిత్తూరులో మిద్దె మీద కుండీల్లో గులాబీలు, కరివేపాకు పెంచుతున్నామని, ఫిల్టర్‌లో మిగిలే పిప్పి వాటికి నేరుగా వేయొచ్చా అని అడిగారు. వేయొచ్చు, కానీ నేరుగా వద్దు. కంపోస్టులో కలిపి, బాగా కుళ్ళాక వేయండి. మాది తిరుపతి. మా ఇంట్లో రెండు పూటలా ఫిల్టర్ కాఫీయే, పిప్పి అంతా కంపోస్టు బకెట్‌లోకే పోతుంది.

పిప్పి మెత్తటి పొడి కదా, మన ఎండలకు కుండీ పైన అట్టకట్టేస్తుంది. పక్కింటావిడ మల్లెచెట్టు వాడిపోతోందంటే వెళ్ళి చూశాను. నీళ్ళు పోస్తే పైనే నిలిచి, అంచు వెంబడి జారి, అడుగు చిల్లులోంచి బయటికి వచ్చేశాయి. పుల్లతో ఆ పెచ్చు లేపి వేలు పెడితే కింద మట్టి పొడిపొడిగా ఉంది. పాపం, ఆవిడ రోజూ నీళ్ళు పోస్తూనే ఉన్నారు.

పిప్పిలో నత్రజని 2 శాతం దాకా ఉంటుంది కానీ వెంటనే మొక్కకు అందదు. పైగా అది కుళ్ళేటప్పుడు సూక్ష్మజీవులు మట్టిలో ఉన్న నత్రజనిని కూడా వాడేసుకుంటాయి. మిగిలిన కెఫీన్ వల్ల లేత మొలకల ఎదుగుదల ఆగుతుంది. టమాటా, మిరప నారు ట్రేల దగ్గరికి పిప్పిని అసలు రానివ్వకండి.

కాఫీ వేస్తే మట్టి పులుపెక్కి గులాబీలు విరగబూస్తాయని చాలామంది నమ్ముతారు. ఆ పులుపు చాలావరకు డికాషన్‌లోనే దిగిపోతుంది. మిగిలిన పిప్పి పీహెచ్ (పులుపును చెప్పే కొలత, 7 అంటే పులుపు లేనట్టు) తరచుగా 6.5 చుట్టుపక్కలే ఉంటుంది.

మేం చేసేది చెప్తాను. పాత పెయింటు బకెట్‌కు అడుగున, పక్కల చిల్లులు పెట్టి, ఎండుటాకులు ఒక పొర, కూరగాయల తొక్కలు, పిప్పి ఒక పొర వేస్తూ పోతాం. పిప్పి మొత్తంలో ఐదో వంతు దాటనివ్వం. మధ్యమధ్యలో కాస్త పుల్లమజ్జిగ చల్లి, వారానికోసారి కలియబెడతాం. నల్లగా, చేతికి పొడిపొడిగా, మట్టి వాసన వస్తే తయారైనట్టే. చికోరీ కలిసిన పొడి అయినా పర్వాలేదు, అదీ కుళ్ళిపోతుంది. పాలు, చక్కెర కలిసిన కాఫీ మాత్రం పోయకండి, చీమలు పట్టేస్తాయి. తడి పిప్పిని డబ్బాలో మూతపెట్టి ఉంచితే రెండు రోజుల్లో బూజు పడుతుంది, పేపర్ మీద పరిచి ఆరబెట్టుకోండి.

పిప్పిలో భాస్వరం, పొటాష్ తక్కువే. కాబట్టి గులాబీలకు పశువుల ఎరువు మానొద్దు. కుండీకి రెండు గుప్పెళ్ళ కంపోస్టు, మొదలుకు తగలకుండా చుట్టూ వేసి, పైమట్టిలో కలిపి నీళ్ళు పోయండి.