పన్ను తీయించుకోబోయే అల్లుడికి

దేవరకొండ

అల్లుడూ,

నిన్న ఫోన్లో సగం నోటితోనే మాట్లాడావు. మూడు నెలల్లో ఇది రెండో వాపని అక్క చెప్పింది. జ్ఞానదంతం అడ్డంగా పడుకుందని ఎక్స్‌రేలో చూపించాక కూడా ఇంకా ఎందుకు నానుస్తున్నావు? నిటారుగా మొలిచి, ఏ బాధా పెట్టని పన్నును పీకించుకోమని నేనూ చెప్పను. నీది అట్లాంటిది కాదు. సగం వచ్చిన పన్ను మీద చిగురు మూతలా ఉంటే, దాని కింద మెతుకులు ఇరుక్కుని మళ్లీ మళ్లీ వాస్తుంది.

ఇదంతా మర్రిగూడ నీళ్ల మహిమేనని మీ నాయనమ్మ అంటోందట. ఫ్లోరైడ్ నీళ్లు చిన్నప్పుడు తాగితే పళ్లకు గోధుమరంగు చారలు వస్తాయి, ఎముకలూ పాడవుతాయి. ఆ కష్టం మన జిల్లాకు కొత్తేం కాదు. కానీ పన్ను అడ్డం తిరిగేది దవడలో చోటు చాలకే. పన్ను తీస్తే చూపు మందగిస్తుందన్న మాట కూడా నమ్మకు. అడగాల్సింది వేరే ఉంది. కింది దవడలో వేర్ల పక్కనుంచే ఒక నరం పోతుంది. అది ఎంత దగ్గరగా ఉందో డాక్టరును అడుగు. దానికి దెబ్బ తగిలితే పెదవి మొద్దుబారుతుంది. అరుదే, చాలామందికి మెల్లగా తగ్గిపోతుంది కూడా, కానీ ముందే తెలిసి ఉండాలి.

నార్కట్‌పల్లి డెంటల్ కాలేజీకి వెళ్తానన్నావు, సరే. నోట్లో ఒక్కచోటే మత్తు ఇస్తారు కాబట్టి ఖాళీ కడుపుతో పోకు, తినే వెళ్లు. రోజూ వేసుకునే గోళీలేమైనా ఉంటే చెప్పు. బండి మీద ఒక్కడివే పోవద్దు. సూది పడ్డాక నొప్పి తెలియదు, నొక్కుడూ డ్రిల్లు చప్పుడూ తెలుస్తాయి. నాకైతే ఆ చప్పుడుకే చెమటలు పట్టాయి.

అసలు పని ఇంటికొచ్చాకే. పన్ను పోయిన గుంటలో నెత్తురు గడ్డకడుతుంది. ఆ గడ్డే లోపలి ఎముకకు కప్పు. పెట్టిన దూదిని అరగంట, ముప్పావుగంట గట్టిగా కొరికి పట్టుకో. మాటిమాటికీ తీసి చూడకు. మొదటిరోజు పుక్కిలించకు, ఉమ్మకు. ఉమ్మి కాస్త ఎర్రగా ఉన్నా మింగెయ్. స్ట్రాతో ఏదీ పీల్చకు.

నా పన్ను తీయించుకున్నప్పుడు నేనేం చేశానో చెబుతా, మీ అత్తకు చెప్పకు. మూడోరోజు బాగుంది కదా అని బంధువుల పెళ్లిలో పందిరి వెనక సిగరెట్ కాల్చాను. మరునాటి రాత్రికి చెవిదాకా పోటు, నోట్లో కంపు. గడ్డ ఊడి ఎముక బయటపడింది, డ్రై సాకెట్ అన్నారు. గుంట కడిగి లవంగనూనె వాసనొచ్చే మందు కూరితే గానీ నిద్ర పట్టలేదు. ఆ పోటు ముందు పన్ను పీకడం ఏపాటి!

చెంప మీద బట్టలో చుట్టిన ఐసు పెట్టు, పావుగంట పెట్టి పావుగంట తియ్యి. అది మొదటిరోజుకే. వాపు రెండు మూడు రోజులకు బాగా ఎక్కుతుంది, అద్దం చూసుకుని టెన్షన్ పడకు. రెండో రోజు నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లు నోట్లో నెమ్మదిగా తిప్పి, వాటంతట అవే కారిపోనివ్వు. చల్లారిన రాగిజావ, మెత్తటి పెరుగన్నం తిను. రొట్టె, మక్కప్యాలాలు, ముఖ్యంగా సకినాలు వద్దు. ఆ నువ్వులు గుంటలో దూరితే ఓ పట్టాన రావు. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ గోళీలు రాసిస్తే, అవి అయిపోయాక కూడా మూడు రోజులదాకా కల్లు ముట్టకు. దోస్తులు ఎంత బతిమాలినా సరే.

అరగంట నొక్కిపట్టినా నెత్తురు ఆగకపోయినా, జ్వరమొచ్చినా, మరునాటికీ పెదవికి స్పర్శ రాకపోయినా వెంటనే డాక్టరుకు ఫోన్ చెయ్యి. మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా ఫోన్లు కూడా వద్దు, సీదా దవాఖానకే.

కుట్లు సుమారు వారానికి విప్పుతారు. ఆ రోజు నల్లగొండ బస్టాండులో కలుద్దాం, నేనూ వస్తాను. నీ వాటా సకినాలు మీ అత్త డబ్బాలో దాచింది.

మీ మామ