పెళ్ళికి మూడు నెలల ముందు ముక్కు ఆపరేషన్ చేయించుకోవచ్చా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నాకు 23 ఏళ్ళు. ముక్కు చప్పిడిగా, పుటాలు వెడల్పుగా ఉంటాయి. కొరియా వీడియోల్లో చూపించే ఏషియన్ రైనోప్లాస్టీ బెంగళూరులో చేస్తారంట. మాఘమాసంలో పెళ్ళి, ఇంకా మూడు నెలలుంది. చేయించుకోవచ్చా? ఏమేం చూసుకోవాలి?

జవాబు:

పెళ్ళికి ముందు వద్దమ్మా. ఆపరేషనే వద్దని కాదు, ఈ మూడు నెలల్లో వద్దు. స్ప్లింట్, అంటే ముక్కు మీద కట్టే గట్టి పట్టీ, వారానికి తీసేస్తారు, కళ్ళ కింద కమిలిన నలుపు రెండు మూడు వారాల్లో పోతుంది. అందుకే నెలకల్లా మామూలుగా తిరగొచ్చని క్లినిక్ వాళ్ళు చెబితే అందులో అబద్ధమేమీ లేదు. వాపు మాత్రం ఆ లెక్కన పోదు. పైన ఎముక దగ్గర త్వరగా తీస్తుంది, కొన దగ్గర ఏడాది దాకా ఉంటుంది, చర్మం మందంగా ఉన్నవాళ్ళకు ఏడాదిన్నర కూడా పడుతుంది. మూడో నెలలో మీ ముక్కు కొన ఇప్పటికంటే లావుగా కనబడినా ఆశ్చర్యం లేదు. పెళ్ళి ఫొటోల్లో అదే నిలిచిపోతుంది. ఆపైన హోమం పొగ, నిద్రలేని రాత్రులు, గంటల తరబడి మేకప్. మానుతున్న ముక్కుకు ఇవేవీ మంచివి కావు.

ఇంకో మాట సూటిగానే అడుగుతాను. ఈ ఆలోచన మీదేనా, పెళ్ళిచూపుల్లో ఎవరైనా అన్న మాటతో వచ్చిందా? ఎవరో అన్నారని చేయించుకున్న ముక్కు ఎంత బాగా కుదిరినా మనసుకు ఆనదు. ఏళ్ళుగా మీకే అనిపిస్తూ ఉంటే మాత్రం కోరుకోవడంలో తప్పేమీ లేదు. అలాంటప్పుడు కింద రాసినవన్నీ నిదానంగా చూసుకోండి.

ఏషియన్ రైనోప్లాస్టీ అంటే ప్రత్యేకమైన యంత్రమో, కొత్త పద్ధతో కాదు. పాశ్చాత్య దేశాల్లో ముక్కు ఆపరేషన్ అంటే ఎక్కువగా గూనులా ఉన్న ఎముకను అరగదీయడం, పెద్ద ముక్కును చిన్నది చేయడం. తూర్పు ఆసియా వాళ్ళకు ముక్కు బ్రిడ్జి, అంటే కళ్ళ మధ్యనుంచి కొనదాకా వచ్చే గట్టు, ఎత్తు తక్కువగా ఉంటుంది, కొనలోని మృదులాస్థి మెత్తగా ఉంటుంది, పైన చర్మం మందంగా ఉంటుంది. కాబట్టి అక్కడ తీసేది తక్కువ, పెట్టేది ఎక్కువ. మన వైపు ముక్కులన్నీ ఈ మూసలో ఇమడవు. చాలామందికి బ్రిడ్జి ఎత్తు సరిపడా ఉండి, కొన గుండ్రంగా, పుటాలు వెడల్పుగా ఉంటాయి. వాళ్ళకు బ్రిడ్జి మీద ఏదీ పెట్టాల్సిన అవసరమే ఉండదు. అద్దంలో ఎదురుగా ఒక్కటే చూసుకుంటే ఇది తెలియదు. పక్కనుంచి, తల పైకెత్తి కిందనుంచి ఫొటోలు తీయించుకోండి. లోటు బ్రిడ్జిలో ఉందా, కొనలో ఉందా, పుటాల్లో ఉందా అన్నది డాక్టర్ ఆ ఫొటోల మీద చూపించి చెప్పగలగాలి.

బ్రిడ్జి ఎత్తు పెంచాల్సిందే అయితే, లోపల ఏం పెడతారు? అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే. ముక్కు ఎలా కనబడుతుందన్నది మొదటి ఏడాది మాట, లోపల ఏముందన్నది జీవితాంతం వెంట ఉండే మాట.

సిలికాన్ ముక్క అయితే ఒంట్లో మరోచోట కోయక్కర్లేదు, ఆపరేషన్ త్వరగా అయిపోతుంది, ఖర్చూ తక్కువే. నచ్చకపోతే తీసేయడమూ తేలికే. చిక్కల్లా అది ఒంట్లో కలిసిపోదు. దాని చుట్టూ పొర కట్టుకుంటుంది. కొందరిలో ఆ పొర బిగుసుకుపోయి ముక్కును పొట్టిగా, పైకి లాగేస్తుంది. ముక్క ఒక పక్కకు జరగొచ్చు. ఏళ్ళు గడిచాక కూడా చీము పట్టొచ్చు. అలా పడితే చాలాసార్లు మందులతో లాభం ఉండదు, తీసేయాల్సిందే. ఎల్ ఆకారపు ముక్క పెడితే దాని మొన కొన చర్మాన్ని లోపలినుంచి ఒత్తుతూనే ఉంటుంది. చర్మం ముందు ఎర్రబడుతుంది, తర్వాత పల్చబడి నిగనిగలాడుతుంది, చివరికి తెల్లటి చుక్క కనబడుతుంది. అది సిలికానే. ఎరుపు కనబడ్డ రోజే పరిగెత్తితే చర్మం దక్కుతుంది, చుక్క కనబడేదాకా ఆగితే మచ్చ మిగులుతుంది. గోర్‌టెక్స్ అనే కృత్రిమ పదార్థం అయితే దాని సన్నటి రంధ్రాల్లోకి కండ కొంత అల్లుకుంటుంది, కాబట్టి అంతగా జరగదు. కానీ అదే కారణంతో తీయడం కష్టం.

మన ఒంట్లోంచే తీసే మృదులాస్థికి చీము భయం తక్కువ. అది మూడు చోట్ల దొరుకుతుంది. ఒకటి ముక్కులోని అడ్డగోడ, అంటే సెప్టం. మధ్యలోది తీసుకుని, పైనా ముందూ కనీసం 10 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీని ఎల్ ఆకారంలో వదిలేయాలి. అంతకంటే ఎక్కువ తీస్తే ఆసరా పోయి ముక్కు నడుమ కుంగుతుంది. ఇక్కడ దొరికేది కొనకు సరిపోతుంది, బ్రిడ్జి మొత్తానికి తరచూ చాలదు. రెండోది చెవి. చెవి వెనక కోసి తీస్తే మచ్చ కనబడదు, చెవి ఆకారం చెడదు, కానీ ఆ ముక్క వంపు తిరిగి ఉంటుంది, చిన్నది కూడా. కొన మీద పెట్టడానికి బాగుంటుంది. మూడోది పక్కటెముకల చివర, ఎక్కువగా 6, 7 పక్కటెముకల దగ్గర. కావలసినంత దొరుకుతుంది. ఆడవాళ్ళకు మచ్చ రొమ్ము కింది మడతలో కలిసిపోతుంది. నొప్పి మాత్రం ముక్కు కంటే అక్కడే ఎక్కువ, కొన్ని రోజులు దగ్గినా నవ్వినా తెలుస్తుంది. చెక్కిన తర్వాత అది వంగే గుణం ఉంది, అందుకే జాగ్రత్త గల సర్జన్లు ఆ మృదులాస్థి నడిమి భాగాన్ని వాడతారు, చెక్కి కాసేపు సెలైన్‌లో ఉంచి వంగుతుందేమో చూసి పెడతారు. తీసిన చోట ఊపిరితిత్తి పొర చిరగలేదని తెలుసుకోవడానికి గాయంలో సెలైన్ పోసి, ఊపిరితిత్తులు ఉబ్బించి బుడగలు వస్తాయేమో చూస్తారు. ఈ రెండూ చేస్తారా అని అడగండి. చేసే సర్జన్‌కు ఆ ప్రశ్న కొత్తగా అనిపించదు.

నా సలహా ఇది: సర్జన్ వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు సొంత మృదులాస్థే మేలు. సిలికానే అంటే బ్రిడ్జి వరకే పెట్టించుకుని, కొనకు చెవి మృదులాస్థి వాడమనండి.

చర్మం సంగతి చాలామంది పట్టించుకోరు. కొన చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలుతో పట్టి చూడండి. మందంగా, జిడ్డుగా ఉంటే లోపల ఎంత చెక్కినా కోటేరు ముక్కు రాదు. మందపాటి చర్మం కింద మరీ చిన్న ఆకారం కడితే చర్మం దానికి తగ్గట్టు ముడుచుకోదు, ఖాళీలో మచ్చకండ పెరిగి కొన పైన ఉబ్బుతుంది. నెలలు గడిచినా తగ్గని వాపుకు ట్రైయామ్‌సినలోన్ అనే స్టెరాయిడ్‌ను సర్జనే చిన్న మోతాదులో ఇస్తారు. మోతాదు మించితే చర్మం పల్చబడి గుంట పడుతుంది. చెవిపోగు కుట్టించుకున్న చోటో, దెబ్బ తగిలిన చోటో మచ్చ గడ్డకట్టే ఒళ్ళయితే ముందే చెప్పాలి.

పుటాలు తగ్గించడానికి తొందరపడొద్దు. కొన పైకి లేస్తే పుటాల వెడల్పు దానంతటదే కొంత తగ్గుతుంది. కాబట్టి ఆ కోత ఆపరేషన్ చివర్లోనో, కొన్ని నెలల తర్వాతో తేల్చుకోవాలి. కోసింది తిరిగి పెట్టలేరు. ఎక్కువ కోస్తే గాలి ఆడదు.

ఊపిరి ఎలా ఆడుతోందో ఇప్పుడే చూసుకోండి. చల్లటి స్టీలు పళ్ళేన్ని ముక్కు కింద పెట్టి, నోరు మూసుకుని గాలి వదలండి. రెండు ఆవిరి మచ్చలు పడతాయి. ఒకటి బాగా చిన్నదైతే ఆ వైపు అడ్డు ఉన్నట్టు. ముక్కు రెండు వైపులూ కొన్ని గంటలకోసారి వంతులవారీగా మూసుకుని తెరుచుకోవడం సహజం కాబట్టి, రోజులో నాలుగైదు సార్లు చూసి ప్రతిసారీ అదే వైపు చిన్నగా ఉంటేనే లెక్కలోకి తీసుకోండి. కడప రిమ్స్‌లోనో, కర్నూలు, అనంతపురం ప్రభుత్వ ఆస్పత్రుల్లోనో ఈఎన్‌టీ ఓపీలో చూపించుకుంటే సెప్టం వంకరుందో లేదో చెబుతారు. వంకర ఉంటే అదీ ఇదీ ఒకేసారి చేయొచ్చు. ఆరోగ్య బీమా అందం కోసం చేసే ఆపరేషన్‌కు రాదు. ఊపిరి కోసం అవసరమైన భాగానికి వర్తించవచ్చు, కంపెనీని ముందే రాతపూర్వకంగా అడగండి.

పెళ్ళికి కనీసం ఫిల్లర్, అంటే ఎత్తు కోసం సూదితో ఎక్కించే జెల్, అయినా వేయించుకుందామని అనిపించొచ్చు. ముక్కులో ఫిల్లర్ సూది రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చిపోవచ్చు, కంటిచూపు పోవచ్చు. అరుదే, కానీ ముక్కు ఆ ప్రమాదం ఎక్కువున్న చోట్లలో ఒకటి. సూది వేసిన వెంటనే చర్మం పాలిపోయినా, నీలిచారలు పడినా, కన్ను మసకబారినా ఆ క్షణంలోనే హయాలురోనిక్ యాసిడ్ ఫిల్లర్‌ను కరిగించే హయాలురోనిడేస్ అనే మందు ఇవ్వాలి. ఆ మందు లేని బ్యూటీ క్లినిక్‌లో వేయించుకుని, ప్రొద్దుటూరు నుంచి బెంగళూరుకు కారెక్కే సమయం ఉండదు. నేనైతే గట్టిగా వద్దంటాను.

సర్జన్ ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ ప్లాస్టిక్ సర్జరీ చేసి ఉండాలి, లేదా రైనోప్లాస్టీలో శిక్షణ ఉన్న ఎంఎస్ ఈఎన్‌టీ అయినా సరే. పూర్తి మత్తు ఇస్తారు కాబట్టి మత్తు డాక్టర్, ఐసీయూ ఉన్న ఆస్పత్రే కావాలి. మన రంగు, మన చర్మం ఉన్నవాళ్ళ ఏడాది తర్వాతి ఫొటోలు చూపించమనండి. నెలకే తీసిన ఫొటోలతో ఏమీ తెలియదు. తేడా వస్తే రెండోసారి చేసేదెవరు, అప్పుడు సర్జన్ ఫీజు, థియేటర్, మత్తు ఖర్చు ఎవరిది అన్నది కాగితం మీద రాయించుకోండి. అనంతపురం వాళ్ళకు బెంగళూరు, కర్నూలు వాళ్ళకు హైదరాబాద్ హైవే 44 మీద తిన్నగానే ఉంటాయి. మీకు ఎటు వెళ్ళినా దూరమే. కుట్లు 5 నుంచి 7 రోజులకు, స్ప్లింట్ 7 రోజులకు తీస్తారు కాబట్టి కనీసం పది రోజులు ఆ ఊళ్ళోనే ఉండే ఏర్పాటు చేసుకోండి.

ముక్కుపుడక ఆపరేషన్‌కు ముందే తీయాలి. రంధ్రం పూడుకుపోతుందని పుల్ల పెట్టడం, దారం వేయడం చేయొద్దు, క్రిములు లోపలికి పోయే దారి అదే. మళ్ళీ కుట్టించుకోవడానికి సర్జన్ సరేననేదాకా, నెలలు పట్టినా, ఆగాలి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, వెల్లుల్లి మాత్రలు, చేపనూనె మాత్రలు రెండు వారాల ముందే ఆపాలి, రక్తం ఆగడం కష్టమవుతుంది. గుండెకో, మరో జబ్బుకో ఆస్పిరిన్ వాడేవాళ్ళు మాత్రం తమ డాక్టర్‌ను అడగకుండా ఆపకూడదు.

తర్వాత రెండు మూడు వారాలు ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, తల ఎత్తులో పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. మొదటి రెండు రోజులు ఐసు కళ్ళ మీద, బుగ్గల మీద పెట్టాలి, ముక్కు మీద కాదు. మెత్తటి సంగటి బాగుంటుంది, దాంట్లోకి మంటెత్తే ఊరిబిండి మాత్రం వద్దు. కారానికి ముక్కు కారితే తుడవకుండా ఉండలేరు. జొన్నరొట్టె, చెరుకు లాంటి గట్టివి కూడా వద్దు, పైపెదవి బిగుసుకుని ముందుపళ్ళు మొద్దుబారి ఉంటాయి. కళ్ళద్దాలు నాలుగు నుంచి ఆరు వారాలు ముక్కు మీద ఆనకూడదు. మూడో రోజు తర్వాత నొప్పి తగ్గాల్సింది పోయి పెరిగినా, రెండు వైపులా పూర్తిగా బిగిసి సలుపుతున్నా, జ్వరం వచ్చినా, ఒక వైపు నుంచే నీళ్ళలాంటి ద్రవం కారుతున్నా ఫోన్‌లో అడిగి ఊరుకోకుండా వెళ్ళాలి.

పెళ్ళయ్యాక వెంటనే పిల్లలు కావాలనుకుంటే ఆపరేషన్ ఇంకా వెనక్కి జరపండి. గర్భంతో ఉన్నప్పుడు ఇలాంటి దానికి మత్తు ఇవ్వరు, పైగా ఆ నెలల్లో ముక్కు లోపలి పొర కూడా ఉబ్బుతుంది. ఆ ఆలోచన ఇప్పట్లో లేకపోతే వచ్చే కార్తీకం, మార్గశిరం మంచి కాలం. మన ఏప్రిల్, మే ఎండల్లో స్ప్లింట్ కింద చెమట పట్టి ప్లాస్టర్ ఊడుతుంది, కొత్త మచ్చకు ఎండ తగిలితే నల్లబడి అలాగే ఉండిపోతుంది. బేతంచెర్ల వైపు నాపరాళ్ళ పాలిష్ దుమ్ములో పనిచేసేవాళ్ళు ఇంట్లో ఉంటే, వాళ్ళ బట్టలు మీరున్న గదిలో దులపకుండా చూసుకోండి.